డాక్టర్ అస్రాత్ గారికి

అడిస్ అబాబా
టికెమ్త్ 9

అమ్మా,

నీ నడుము నొప్పి ఎలా ఉంది? దేవుడి దయవల్ల నేను బాగానే ఉన్నాను, ఈ ఊరి చలి ఒక్కటే ఎముకల్లోకి దూరుతోంది. నువ్వు పంపిన వేయించిన బార్లీ అందింది. షిఫెరావ్ బాబాయి బస్సును స్టాండులో వదిలేసి మరీ హాస్టల్ గేటు దాకా తెచ్చి ఇచ్చాడు. "మీ అమ్మ కాఫీ కొట్టు ముందు బస్సు ఆపకపోతే ప్యాసింజర్లు నన్ను తిట్టిపోస్తారు తల్లీ" అన్నాడు. నెపం ప్యాసింజర్ల మీద, చూపు కాఫీ కొట్టు మీద. నాకు నవ్వాగలేదు.

రెండేళ్ళుగా చేస్తున్న నా పని ఒక కొలిక్కి వచ్చింది. మన సరస్సు చుట్టుపక్కల ఊళ్ళలో జనం పళ్ళకు గార ఎందుకు పడుతోందో, ఏ బోరు నీళ్ళు తాగినవాళ్ళకు ఎంత పడుతోందో అంతా వ్యాసంగా రాసి నైరోబీలో ఒక పత్రికకు పంపాను. పీజీ చదివేవాళ్ళు ఒక్క వ్యాసమైనా బయటి పత్రికలో అచ్చు వేయించుకుంటే గానీ ఆఖరి పరీక్షకు కూర్చోనివ్వరు. "పళ్ళు ఎవడైనా పీకుతాడు, రాసినవాడే డాక్టరు" అని మా ప్రొఫెసర్ గారి మాట. నా తోటివాడి వ్యాసం రెండుసార్లు తిరుగు టపాలో వచ్చింది. వాడు గడ్డం గీసుకోవడం మానేశాడు.

నాకైతే అదృష్టం కొద్దీ ఒక పెద్దాయన సాయం దొరికింది. నైరోబీలో పెద్ద పళ్ళ డాక్టరు, మన దేశంవాడే. సైనికుల రాజ్యంలో పారిపోయి వెళ్ళి, అక్కడే చదువుకుని స్థిరపడ్డాడట. ముఖం ఎప్పుడూ చూడలేదు, కంప్యూటర్‌లో రాసుకుంటాం. నా ఇంగ్లీషును చీల్చి చెండాడి మళ్ళీ కుట్టి పంపుతాడు. మన భాషలో ఒక్క ముక్క రాస్తే చాలు, మురిసిపోతాడు. మొన్న "మీ సరస్సు మీద రెల్లు పడవలు ఇంకా తిరుగుతున్నాయా అమ్మాయీ?" అని అడిగాడు.

హాస్టల్‌కు వచ్చే ఉత్తరాలు గాలికి పోతున్నాయి. అందుకని పత్రికవాళ్ళకు మన బడి పోస్టు పెట్టె నంబరు ఇచ్చాను. ఇంగ్లీషు కవరు ఏదైనా వస్తే నీ చేతికివ్వమని తమిరు మాస్టారికి చెప్పు.

ఇంకొక మాట. షిఫెరావ్ బాబాయి నిన్ను అడగడానికి పెద్దల్ని పంపబోతున్నాడని ఆయన కండక్టరే నాకు చెప్పాడు. పంపితే కాదనకు అమ్మా. భార్య పోయి ఒంటరిగా ఉన్నాడు, మంచివాడు, నువ్వు కసిరినా నవ్వుతాడు. ఎన్నాళ్ళని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటావు? నాన్నను నేను చూడలేదు, నువ్వు చెప్పిందే నాకు తెలుసు. నాకోసం ఆగడమైతే ఇక ఆగొద్దు.

నీ కాఫీ వాసన లేక ముక్కు మొద్దుబారిన
మెక్లిత్

•

జివాయ్
టికెమ్త్ 23

నా మెక్లితూ,

నీ ఉత్తరం చదవడానికి పక్కింటి పిల్లని పిలవాల్సి వచ్చింది. డాక్టరువి కాకముందే డాక్టర్ల రాత వచ్చేసింది నీకు. నా అక్షరాలు కోడిగీతలని చిన్నప్పుడు నవ్వేదానివి కదా, కోడిగీతలైనా చదవడానికి వస్తాయి. ఇవి నేర్పినవాడు ఎదురుగా నిలబడి చూస్తుంటే గీత వంకర పోయేది. ఆ వంకర ఇంకా పోలేదు.

మీ నాన్న సంగతి నీకు మళ్ళీ చెప్పాలనిపించింది. డాక్టరు చదువు రెండో ఏడులో ఉండగా సైనికులు కాలేజీలు మూసేసి, పిల్లలందరినీ పల్లెలకు చదువు చెప్పమని పంపారు. మా వంతుకు ఆయన వచ్చాడు. కొండల మీది మనిషి, పాలగింజల్లాంటి పళ్ళు. నేను పైన కప్పుకునే నెతెలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "హా, హు" అని అక్షరాలు పలికేదాన్ని. "నోరు కనబడకపోతే అక్షరం పలికిందో లేదో నాకెలా తెలుస్తుంది జెనెబెచ్?" అనేవాడు. నా పళ్ళు చూపించడానికి సిగ్గని చెప్పాను. "మీ ఊళ్ళో అందరికీ ఇలాగే ఉన్నాయి, నీ ఒక్కదాని తప్పా? ఉండు, డాక్టర్నయ్యాక దీని సంగతేమిటో తేల్చి రాస్తాను" అన్నాడు. అప్పుడే నేను కొంగు తీసేశాను. ఆ తర్వాత కథ నువ్వే.

వాళ్ళమ్మను చూసొస్తానని అడిస్ బస్సెక్కాడు. అంతే. సైనికులు పట్టుకెళ్ళారన్నారు కొందరు. ఖార్తూమ్ దారిలో చూశానన్నాడు ఒక లారీవాడు. పోయాడని ఎవరూ వచ్చి చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు.

షిఫెరావ్ పంపిన పెద్దలు ముగ్గురూ నిన్న రానే వచ్చారు. కూర్చోమంటే కూర్చోరు, అడిగింది ఇస్తానంటేనే కూర్చుంటామని పట్టు. మూడో విడత కాఫీ కూడా నిలబడే తాగారు. అందులో ఒకాయనకు మోకాళ్ళ నొప్పులు. పాపం, ఆయన కోసమైనా ఒప్పుకుందామనిపించింది. క్రిస్మస్ పండక్కి చెబుతానని పంపేశాను. అవుననే చెబుదామని ఉంది. ఇది ఇంకెవరితోనూ అనకు, ముఖ్యంగా కాయితాలు మోసుకొచ్చే ఆ బస్సాయనతో.

నీ గార పళ్ళ వ్యాసం ఎవరు చదువుతారో నాకైతే తెలియదు. ఆ నైరోబీ డాక్టరు పేరేమిటి? ఏ ఊరివాడు? వయసెంత ఉంటుంది? ఊరికే అడుగుతున్నాను.

అమ్మ

•

జివాయ్
తాహ్సాస్ 6

మెక్లితూ,

నువ్వు ఉత్తరం రాసి రెండు నెలలు కావస్తోంది, పనుల్లో ఉన్నావని తెలుసు. నేను అడిగినదానికి జవాబు రాయకపోవడానికి పనులే కారణం కాదని కూడా ఇప్పుడు తెలిసింది.

కవరు వచ్చింది. తమిరు మాస్టారు చదివి వినిపించాడు. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచీ చదివాడు.  పొయ్యి మీద కాఫీ పొంగిపోయింది, కొట్టుకు వచ్చినవాళ్ళు నన్ను పిలిచి పిలిచి పోయారు.

అందులో ఏముందో నేను కాయితం మీద పెట్టను. మంచి మాట నోరు దాటితే నరుడి కన్ను పడుతుంది. నీకు ఎప్పుడో తెలుసు, తట్టుకోలేనని నాకు చెప్పలేదు. నిన్నేమీ అనను. ముప్పై ఏళ్ళ కిందట ఇచ్చిన ఒక మాట నిలబడింది, నాకంతే చాలు.

షిఫెరావ్‌కు కుదరదని చెప్పేశాను. ఎందుకని ఆయన అడగలేదు, నువ్వూ అడగకు. గోడలకు కొత్తగా సున్నం వేయిస్తున్నాను. నడుము నొప్పి అసలు గుర్తుకే రావడం లేదు.

అమ్మ

•

అడిస్ అబాబా
తాహ్సాస్ 10

అమ్మా, అమ్మా,

ఒప్పుకున్నారన్నమాట. నీ ఉత్తరం వార్డులో చదివి అక్కడే గంతులేశాను. నోరు తెరిచి కూర్చున్న పేషెంటు భయపడి నోరు మూసేసుకున్నాడు. నరుడి కన్ను అంటావు గానీ, నేను అప్పటికే హాస్టలంతా చాటేశాను. గడ్డంవాడు కూడా వచ్చి చెయ్యి కలిపాడు.

నువ్వు ఏడ్చి ఉంటావని నాకు తెలుసు. నాన్న పేరు అచ్చులో పడాలని నాకూ ఉండేది. గార పళ్ళు అనగానే నాకు ఆయన నీకిచ్చిన మాటే గుర్తొచ్చేది, అందుకే వేరే ఏ విషయమూ తీసుకోలేదు. నీతో ఎప్పుడూ అనలేదు, అంతే.

నైరోబీ డాక్టరు గారికి వెంటనే చెప్పాను. ఆయన సంతోషం చూడాలి. "మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. నీ మాటల్లో ఆవిడ గురించి వినీ వినీ ఎప్పటినుంచో తెలిసిన మనిషిలా అయిపోయారు. కుదిరితే ఈసారి అటు వచ్చినప్పుడు మీ సరస్సూ చూస్తాను, ఆవిడ కాఫీ తాగుతాను" అన్నారు. సున్నం వేయించడం మంచిదే అయింది.

ఆ కవరు షిఫెరావ్ బాబాయికిచ్చి వెంటనే పంపు. లోపల అచ్చు కాయితాలుంటాయి, తప్పులు దిద్ది నెలలోగా తిరిగి పంపాలి. అంగీకారపత్రం చూపిస్తే గానీ పరీక్షకు పేరెక్కించరు.

బాబాయికి ఎందుకు కాదన్నావో మాత్రం అర్థం కాలేదు. అవుననే చెబుదామని ఉందని నువ్వే రాశావు. నిన్న ఉత్తరం ఇస్తూ ఆయన నా మొహం వైపు చూడలేదు. "మీ అమ్మ బాగుంది తల్లీ, చాలా బాగుంది" అని మాత్రం అన్నాడు. నాకు మనసు చివుక్కుమంది.

నీ
మెక్లిత్

•

జివాయ్
తాహ్సాస్ 14

మెక్లితూ,

కవరు పంపను. అది నీ పేరున రాలేదు.

పైన "డాక్టర్ అస్రాత్ గారికి" అని మీ నాన్న పేరే ఉంది. మాస్టారు వేలు పెట్టి చూపించాడు, ఇంగ్లీషు రాకపోయినా ఆ అక్షరాలు ఇప్పుడు నాకు కంఠస్థం. "సరస్సు ఊళ్ళ ప్రజల పళ్ళ గార గురించి మీరు రాసిన వ్యాసం మాకు చాలా నచ్చింది, ప్రచురిస్తున్నాం" అని లోపల ఉంది. ఆయన ఉత్తరం ఆయన చేతికే ఇస్తాను.

ఇక దాచకు. డాక్టరయ్యాడు. అన్నట్టే తేల్చి రాశాడు, ఆ వ్యాసం నీదని నువ్వు చెప్పింది నా దగ్గర దాచడానికే. నువ్వు ఆయన్ని ఎలా కనుక్కున్నావో, ఆయనే నిన్ను కనుక్కున్నాడో, తండ్రీ కూతుళ్ళు కూడబలుక్కుని నాకు తెలియకుండా ఎన్నాళ్ళు రాసుకున్నారో వచ్చాక చెబుదువు గాని. "మన దేశంవాడే, పారిపోయి వెళ్ళాడు, రెల్లు పడవలు అడిగాడు" అని నువ్వు రాసినప్పుడే నా గుండె ఆగింది. పేరడిగితే నువ్వు పలకలేదు. ఇప్పుడు నమస్కారాలట. ముప్పై ఏళ్ళ తర్వాత పెళ్ళానికి నమస్కారాలు పంపే మొగుణ్ణి లోకంలో ఎక్కడా చూడలేదు. మొహమాటం ఆయనకు మొదటినుంచీ ఉన్నదే.

అక్కడ ఆయనకు ఇల్లూ పిల్లలూ ఉండే ఉంటారు. ఉండనీ. నేనేమీ అడగను. ఎందుకు రాయలేదని కూడా అడగను. కూర్చోబెట్టి మూడు విడతల కాఫీ పోస్తాను, వెళ్తానంటే బస్సెక్కిస్తాను. ఒక్కసారి చూడాలి మెక్లితూ. పక్కన పడుకున్న మనిషి మొహం ఎలా ఉండేదో ఈ మధ్య గుర్తు రావడం మానేసింది, దానికే నాకు భయం.

మాస్టారి చేత ఆ పత్రికవాళ్ళకు ఉత్తరం రాయించాను. డాక్టర్ అస్రాత్ గారి భార్య ఇక్కడే ఉంది, ఇల్లు మారలేదు అని చెప్పమన్నాను.

ఆయన ఏ రోజు వస్తాడో కనుక్కుని రాయి. మీ నాన్నకు మిరపకాయ పడదు, కూర వేరే వండాలి.

అమ్మ

•

అడిస్ అబాబా
తాహ్సాస్ 17

అమ్మా,

ఈ ఉత్తరం షిఫెరావ్ బాబాయి దగ్గర ఉంటుంది. ఆయనా, చర్చి అయ్యగారూ, మాస్టారూ వచ్చి నీతో మాట్లాడతారు. వాళ్ళు చెప్పాక చదువు. నేనే రావాలి, వార్డు వదలనివ్వలేదు. నిన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి కాయితం చేత ఈ మాట చెప్పించడానికి నాకు ధైర్యం చాలలేదు, అందుకే ఆ ముగ్గురి కాళ్ళూ పట్టుకున్నాను.

డాక్టర్ అస్రాత్ అంటే నేనే అమ్మా.

మనం మెక్లిత్‌ను మెక్లిత్ అంటాం, వెనక ఉన్నది తండ్రి పేరు, అది ఆయనది. బయటివాళ్ళకు అలా కాదు. వాళ్ళు మనిషిని ఆఖరి పేరుతోనే పిలుస్తారు. నా పేరు మెక్లిత్ అస్రాత్ అని చూసి, అదే ఇంటిపేరనుకుని డాక్టర్ అస్రాత్ అని రాశారు. ఇక్కడ మాకది అలవాటైపోయింది, నీకు చెప్పాలన్న ఊహే రాలేదు.

నైరోబీ పెద్దాయన పేరు బెయెనె. హరార్ మనిషి. నాన్న కంటే పదేళ్ళు పెద్ద. నువ్వు పేరు అడిగిన ఉత్తరం ఎదురుగానే ఉంది, పరీక్షల హడావుడిలో జవాబివ్వడం మరిచిపోయాను. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే ఇంత జరిగేది కాదు.

కోప్పడు, తిట్టు. తిట్టకుండా మాత్రం ఉండకు.

మెక్లిత్

•

జివాయ్
తాహ్సాస్ 22

మెక్లితూ,

తిట్టమన్నావు, తిడతాను. ముందు ఏం జరిగిందో విను.

తెల్లవారుజామున తలుపు చప్పుడైంది. తీసి చూస్తే అయ్యగారు, తమిరు మాస్టారు, షిఫెరావ్. ముగ్గురూ నెతెలాలు భుజాల నిండా కప్పుకుని, తలలు దించుకుని నిలబడ్డారు. అయ్యగారికి ఆ తర్వాత ప్రార్థన ఉందట, మాస్టారికి బడి, షిఫెరావ్‌కు బస్సు. అందుకని ఆ వేళకు వచ్చారట. ఇంత వయసులొచ్చిన ముగ్గురు మగాళ్ళలో ఒక్కడికైనా బుర్ర ఉండొద్దూ? ఆ వేళకు అలా ముగ్గురు కలిసి గుమ్మంలోకి వచ్చేది దేనికి? మెర్దోకి గాక, చావు కబురు చెప్పడానికి గాక? మీ అమ్మమ్మ పోయిన కబురు అలాగే వచ్చింది. ఊళ్ళో ఎవరింటికైనా అలాగే వస్తుంది.

"జెనెబెచ్, గుండె దిటవు చేసుకో అమ్మా, అస్రాత్ సంగతి..." అన్నాడు అయ్యగారు. ఆ పైన నేను వినలేదు. ఉన్నాడని తెలిసి పట్టుమని నెల కాలేదు, అప్పుడే పోయాడు అనుకున్నాను. నేల మీద పడిపోయాను. గుండెలు బాదుకుని, ఊరికి వినబడేలా ఏడ్చాను. పక్కింటివాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనక వీధి అంతా వచ్చింది. పొద్దెక్కేసరికి ఇద్దిర్ చావు సంఘంవాళ్ళు డేరా తెచ్చి వాకిట్లో వేసేశారు. నెలనెలా చందా కడుతున్నాను కదా, నా ఇంటి చావుకు డేరా వేయకపోతే ఎవరి చావుకు వేస్తారు? బెంచీలు దిగాయి. క్రిస్మస్ ముందటి ఉపవాసాల రోజులు కాబట్టి పప్పూ, శనగపిండి కూరా, ఇంజెరా రొట్టెల తట్టలూ వచ్చాయి.

అసలు కబురు ఆ ముగ్గురి దగ్గరే ఉండిపోయింది. "ఆపుదామని నేను లేవబోయానమ్మా, అయ్యగారు నా చెయ్యి పట్టి కూర్చోబెట్టారు" అని మాస్టారు తర్వాత చెప్పాడు. ఎందుకు ఆపనివ్వలేదని అయ్యగారిని అడిగాను. "నువ్వు ఏడ్చింది ఆ పొద్దుటి కబురుకు కాదమ్మా, ముప్పై ఏళ్ళ నాటి దుఃఖానికి. నాకు చెప్పడానికి నోరు రాలేదు" అన్నాడు.

మూడు రోజులూ అలాగే జరిగింది. మీ నాన్న గురించి ఎవరికి గుర్తున్నది వాళ్ళు చెప్పారు. ఆయన దగ్గర అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు వచ్చి "హా, హు" అని వల్లె వేస్తూ ఏడ్చారు. చేపల వ్యాపారి కూతురు, నీకు తెలుసు, ఆ మొండిది, తనకు సంతకం నేర్పింది ఆయనేనని చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆయన పేరు ఎత్తితే మాట మార్చేవాళ్ళు వీళ్ళంతా.

డేరా విప్పాక అయ్యగారు నిజం చెప్పాడు, షిఫెరావ్ నీ ఉత్తరం తీసి ఇచ్చాడు. మూడు రోజులు జేబులో నలిగి మెత్తబడింది. చదివి ముందు నీ మీద కోపం వచ్చింది. కూతుర్ని పట్టుకుని తండ్రి పేరుతో పిలిచే ఆ మర్యాద తెలియనివాళ్ళ మీద వచ్చింది. ఆ తర్వాత నా మీద. పిచ్చిదానా, ఒక కవరు చూసి గోడలకు సున్నం వేయించావా అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను మెక్లితూ.

"పొరపాటు జరిగిందని ఊళ్ళో చెప్పమంటావా?" అని అయ్యగారు అడిగాడు. వద్దన్నాను. ఆయన పోయాడో ఉన్నాడో నిన్నా తెలియదు, ఇవాళా తెలియదు. కానీ ఆ రోజుల్లో ఏడిస్తే, ఏడ్చినవాళ్ళనీ పట్టుకెళ్ళేవాళ్ళు. నువ్వు కడుపులో ఉన్నావు. మా అమ్మ నా నోట్లో గుడ్డ కుక్కి రాత్రంతా పక్కన కూర్చుంది. ఆ గుడ్డ మొన్న తీశాను. మళ్ళీ పెట్టుకోమంటే పెట్టుకోను.

కవరు పంపుతున్నాను. నలగకుండా గట్టి అట్ట మధ్య పెట్టాను. నలభయ్యో రోజు మీ నాన్న పేర తెజ్కార్ భోజనాలు పెడతాను, సెలవు ఇప్పుడే అడుగు.

ఇంకా తిట్టాలి, చెయ్యి నొప్పి పుడుతోంది.

అమ్మ

•

అడిస్ అబాబా
తాహ్సాస్ 27

అమ్మా,

నీ ఉత్తరం మంచం మీద బోర్లా పడుకుని చదివాను, లేవలేకపోయాను. నాకు తండ్రంటే పేరు చివర ఒక మాట, అంతే. ఎవరైనా ఫారం నింపమంటే రాసేదాన్ని. నీకైతే కొన్ని రోజులపాటు ఆయన నిజంగా తిరిగొచ్చాడు. నీ తప్పుకు నాకు అసూయగా ఉంది. ఆ డేరాలో నేనూ కూర్చుని ఉండాల్సింది, ఆయన గురించి జనం చెప్పినవన్నీ వినాల్సింది. తెజ్కార్‌కు వస్తాను, వాళ్ళందరి చేతా మళ్ళీ చెప్పించు.

పరీక్షకు పేరెక్కింది. ప్రొఫెసర్ గారు వీపు తట్టారు.

పత్రికవాళ్ళకు మాస్టారు రాసిన ఉత్తరం చేరినట్టుంది. ఎడిటర్ గారు కంగారుపడి నాకు రాశారు. "మీ పేరు మేం తప్పుగా పిలుస్తున్నామా? మీ వాళ్ళ పద్ధతి ప్రకారం మెక్లిత్ అనే వేయమంటే అలాగే వేస్తాం, అస్రాత్ అన్నది ఒక్క అక్షరానికి కుదిస్తాం" అన్నారు. ఇకముందు ఎవరు ఈ వ్యాసం గురించి చెప్పినా ఆ పేరుతోనే చెబుతారు, పుస్తకాల్లో ఆ పేరే ఎక్కుతుంది. మార్చేద్దామనే అనుకున్నాను, నీకు ఇంత చేసిన పేరు అది. కానీ నిన్ను అడగకుండా చేయాలనిపించలేదు. అచ్చు కాయితాలు ముందే పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పేజీ మీద పేరు, దాని అడుగున, చదివినవాళ్ళు ఎవరైనా నాకు రాయాలంటే ఎక్కడికి రాయాలో ఆ చిరునామా. అవి రెండూ సరిచూసి పంపితే నా పని అయిపోయినట్టే.

క్రిస్మస్ పండగ రోజు డ్యూటీ నాకే పడింది. నువ్వు ఒక్కదానివే భోంచేయకు. కోడిని కోసి షిఫెరావ్ బాబాయిని పిలువు.

మెక్లిత్

•

జివాయ్
తాహ్సాస్ 30

నా తల్లి మెక్లిత్‌కు,

పిలిచాను. వచ్చాడు. కూర ఉప్పగా ఉందని కూడా అనకుండా తిన్నాడు, ఉప్పగానే ఉంది. మూడు రోజులూ ఆ డేరాలో బెంచీలు మోసింది ఆయనే. ఒక మూల కూర్చుని నా మొగుడి కోసం ఏడ్చిందీ ఆయనే, నేను చూశాను. తెజ్కార్ కానిచ్చి, ఏడాది తిరిగాక పెద్దల్ని మళ్ళీ పంపుతానన్నాడు. ఈసారి పట్టపగలు పంపమన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను.

పేరు మార్చకు.

ఆయనకు సమాధి లేదు మెక్లితూ. ఎక్కడ పడేశారో, అసలు పడేశారో లేదో, పువ్వు పెట్టడానికి చోటు లేదు. పేరు చెక్కించడానికి ఒక రాయైనా లేదు. ఏదో ఒకచోట అచ్చులో ఉండనీ. ఆయన తేల్చి రాస్తానన్నది ఆయన పేరు మీదే ఉండనీ. నువ్వేం తక్కువైపోవు, నువ్వు ఎవరివో నాకు తెలుసు.

ఏడ్చేశాను, తెజ్కార్ పెడుతున్నాను, ఇక ఎదురుచూడను. అయ్యగారికీ అదే చెప్పాను. అబద్ధం చెప్పలేదు.

అయినా, ఆ పేరు కింద చిరునామా వేస్తారన్నావే, మన బడి పెట్టె నంబరు. నువ్వు రాసేటప్పుడు ఏడును ఒకటిలా రాస్తావు, చిన్నప్పటినుంచీ అంతే. అది సరిగ్గా పడిందో లేదో మాస్టారినే అడిగి సరిచూసుకుని పంపు. ఎవరి కంట పడుతుందో మనకేం తెలుసు.

అమ్మ